మబ్బుల రోజున కొండ ఎక్కడం ఎలా?

మలక్‌పేట వాళ్లకు వాన పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ చినుకైనా రాలకపోవచ్చు. ఎగువన వికారాబాద్ కొండల్లో రాత్రంతా దంచికొట్టి, గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తారంటే మర్నాటికి మూసీ పొంగుతుంది. మూసారాంబాగ్ వంతెనను అలా ఎన్నిసార్లు మూసేశారో, అంబర్‌పేట పోవాల్సినవాళ్లు ఎన్నిసార్లు చుట్టు తిరిగారో ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఇంకోరోజు గట్టిగా అరగంట కురిస్తే చాలు, రైల్వే వంతెన కింద బండ్లు ఆగిపోతాయి. వాన ఒకచోట పడుతుంది, నీళ్లు ఇంకోచోట వస్తాయి, సర్దుకునే వ్యవధి ఇవ్వవు. కొండ నడకకు కావలసిన వాతావరణ జ్ఞానంలో సగం ఇదే. మిగతా సగం ఉరుము, తడిసిన రాయి, చేతి గడియారం. వాటి సంగతి కింద చెబుతాను.

ఇది ఎప్పుడూ కొండ ఎక్కనివాళ్ల కోసం, లేదా తిరుపతి మెట్లు తప్ప వేరే కొండ ఎరగనివాళ్ల కోసం. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి, మోకాళ్ల పర్వతం దాటినవాళ్లయితే కాళ్ల గురించి దిగులు పెట్టుకోకండి, ఆ బలం చాలు. తేడా వేరేచోట ఉంది. తిరుమల దారికి నెత్తిన కప్పు ఉంది, దారంతా దీపాలున్నాయి, నీళ్లున్నాయి, ముందూ వెనకా జనం ఉన్నారు. మనం పోయే కొండ మీద ఇవేవీ ఉండవు. అందుకే ఎక్కడం కంటే వెనక్కి తిరగడమే ఎక్కువ నేర్చుకోవాలి.

ఏ కొండ?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు వాళ్లకు రెండు కొండలు చేతికందేంత దూరంలో ఉన్నాయి. మొదటిది భువనగిరి, రెండోది రాచకొండ. ఈ వరసలోనే ఎక్కండి.

భువనగిరి ఒకటే బండ. పట్నం మధ్యలో దాదాపు 500 అడుగులు లేచి నిలబడిన ఏకశిల. దాని మీది కోటను పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడు. ఆయన పాలించింది 1076 నుంచి 1126 దాకా. కింద నుంచి మెట్లు తొలిచి ఉన్నాయి, నిటారు చోట్ల పట్టుకోవడానికి ఇనుప కమ్మీలున్నాయి, దారి తప్పే ప్రశ్నే లేదు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ రాతి మీద మొదట అడుగులు నేర్చింది ఈ బండ మీదనే. ఉప్పల్‌లో వరంగల్ బస్సో యాదగిరిగుట్ట బస్సో ఎక్కితే గంటా గంటన్నరలో దిగొచ్చు. రైలు ఇష్టమైతే మలక్‌పేట స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్ పోయి, అక్కడ కాజీపేట వైపు పోయే ప్యాసింజర్ పట్టుకోవచ్చు. ఒక్క చిక్కుంది. ఇది టికెట్ కొని ఎక్కే చోటు, కౌంటర్ తెరిచేదాకా ఆగాలి, తెల్లారుజామునే ఎక్కడం కుదరదు. కాబట్టి ఎండాకాలంలో దాని జోలికి పోకండి. పదకొండు గంటలకే ఆ బండ కాళ్ల కింద సెగలు కక్కుతుంది.

రాచకొండ దీనికి పూర్తిగా విరుద్ధం. 2016లో పోలీసు కమిషనరేటుకు ఆ పేరు పెట్టాక ఎల్బీనగర్ వాళ్లలో చాలామందికి రాచకొండ అంటే అదే గుర్తొచ్చేది. అసలు రాచకొండ 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. అలంకారశాస్త్రంలో ‘రసార్ణవ సుధాకరం’ రాసిన సింగభూపాలుడి కోట. విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటి, చౌటుప్పల్‌లో కుడివైపు తిరిగి, సంస్థాన్ నారాయణపురం మీదుగా పోవాలి. మొత్తం దాదాపు 60 కిలోమీటర్లు. సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి లేపిన గోడలు, ఒకదాని వెనక ఒకటిగా దర్వాజాలు, వాటి మధ్య సీతాఫలం పొదలు, ముళ్లు. దారి కొంతమేర తెలుస్తుంది, కొంతమేర మాయమవుతుంది. మొదటిసారి పోయేటప్పుడు ఆ కొండ తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉండి తీరాలి.

అనంతగిరి సంగతి అడుగుతారని తెలుసు. మన మూసీ పుట్టేది అక్కడే, అడవి చక్కగా ఉంటుంది. కానీ మలక్‌పేట నుంచి ఊరంతా అడ్డంగా దాటి అవతలికి పోవాలి. వర్షాకాలం ఆదివారాల్లో కొండ కన్నా కార్లే ఎక్కువ కనిపిస్తాయి. వారం మధ్యలో సెలవు దొరికితే పోండి.

ఏ నెల?

మన రైతుల కార్తెల లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత ఉండనే ఉంది. మే 25 తర్వాత ఆ రెండు వారాలు కొండ మాట ఎత్తొద్దు. నిజానికి ఏప్రిల్, మే నెలలు మొత్తం అలాంటివే. పొద్దంతా ఎండ, సాయంత్రం ఈదురుగాలి, పిడుగు, ఒక్కోసారి వడగళ్లు. జూన్ 8కి అటూ ఇటూ మృగశిర వస్తుంది, నాంపల్లిలో చేపమందు పంచే రోజులు. వాన వచ్చేసిందని అందరూ సంబరపడతారు. అప్పుడే తొందరపడొద్దు. రుతుపవనాలు నిలదొక్కుకునేదాకా వచ్చే వానలన్నీ ఉరుముల వానలే.

జూలై, ఆగస్టుల్లో స్వభావం మారుతుంది. రోజుల తరబడి ముసురు, మబ్బు పట్టిన ఆకాశం, చల్లటి గాలి. ఉరుము తక్కువ, జారుడు ఎక్కువ. కొండలు పచ్చగా ఉండేదీ, మనకు పోబుద్ధయ్యేదీ అప్పుడే. సెప్టెంబరు చివర, అక్టోబరులో రుతుపవనాలు వెనక్కి మళ్లేటప్పుడు మళ్లీ పిడుగులు మొదలవుతాయి. అక్టోబరంటే వానలు అయిపోయినట్టే అనుకునేవాళ్లు 2020 అక్టోబరు 13ను గుర్తు చేసుకోండి. ఘట్‌కేసర్, హయత్‌నగర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్ల దరిదాపుల్లో కురిసింది. సరూర్‌నగర్ కాలనీల్లో పడవలు తిరిగాయి.

కాబట్టి మొదటి నడక నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. అది కుదిరాక జూలైలోనో ఆగస్టులోనో మబ్బుల రోజు చూసుకుని రెండోది. ఈ వ్యాసం అసలు ఆ రెండో నడక గురించే.

ముందురోజు సాయంత్రం

ఫోన్‌లో మబ్బు బొమ్మ, దాని పక్కన 60 శాతం అని అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు. వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం జిల్లాలవారీగా ఇచ్చే రంగుల హెచ్చరిక చూడండి. మీరు చూడాల్సింది హైదరాబాద్ జిల్లా కాదు, యాదాద్రి భువనగిరి జిల్లా. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 దాటితే అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఆరెంజ్, రెడ్ ఉంటే ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసుకోండి. ఎల్లో ఉంటే అది వానకా, ఉరుములకా చదవండి. ఉరుములకైతే మానేయండి, ఒట్టి వానకైతే భువనగిరికీ వద్దు, రాచకొండకీ వద్దు, ఊళ్లోనే నడవండి. గ్రీన్ ఉండి మబ్బు, అక్కడక్కడా జల్లు అని ఉంటే బయల్దేరొచ్చు.

ఇంకో రెండు చూడండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేయించిన ‘దామిని’ అనే యాప్ మీరున్నచోటికి 20, 40 కిలోమీటర్ల లోపు ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది. అది ఇంట్లోనే ఫోన్‌లోకి ఎక్కించుకోండి, కొండ దగ్గర సిగ్నల్ దొరకక చాలామంది ఇబ్బంది పడతారు. రెండోది, వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి ఇచ్చే తాజా సూచన. అది పొద్దున బయల్దేరేముందు చూడాలి. రాత్రి చూసింది పొద్దుటికి పాతబడుతుంది.

ఇక కాగితం. ఎక్కడికి, ఎవరెవరు, ఏ బండి, ఎన్నింటికి కింద ఉంటారు, ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే 112కు చెప్పాలి. ఇదంతా రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. వాట్సాప్‌లో కాదు, కాగితం మీద. అమ్మకో అత్తమ్మకో చెబితే పోనివ్వరేమోనని ‘ఆఫీసు పని’ అని చెప్పి పోయేవాళ్లున్నారు. కొండ మీద చీలమండ బెణికితే ఆ ఆఫీసుకు ఫోన్ చేసి ఏం లాభం?

సంచిలో ఏం ఉండాలి?

బూట్లు మొదట. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో వెయ్యి రకాలున్నాయి. మీకు కావలసింది అడుగున లోతైన గాట్లున్న మెత్తటి రబ్బరు. గట్టి ప్లాస్టిక్ అడుగైతే తడి రాతి మీద నిలబడదు. కొత్త బూట్లతో కొండకు పోకండి, రెండు వారాలు ఊళ్లో తొడిగి తిప్పండి. నడకకు సరూర్‌నగర్ చెరువు గట్టుంది. ఎత్తు ఎక్కడం అలవాటు కావాలంటే మూసారాంబాగ్‌లో ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉన్న గుట్ట ఉంది. 1798లో పోయినాయన, ఇప్పటికీ మంచి గాలి తగిలే చోట ఉన్నాడు. చెప్పులు, శాండిల్స్, కాలేజీ పిల్లలు వేసుకునే పలుచటి క్యాన్వాస్ బూట్లు ఏవీ పనికిరావు.

బట్టల్లో జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి కాలికి అతుక్కుంటుంది, సాయంత్రందాకా ఆరదు. మన కొండల మీద మంచు లేదు కాబట్టి చలితో పనేముందనుకుంటారు. చెమటతో తడిసి, పైన వానతో తడిసి, ఆ మీద గట్టి గాలి తగిలితే ఆగస్టులో కూడా పళ్లు టకటకలాడతాయి. పిల్లలకు ఇంకా తొందరగా. రాచకొండ చుట్టుపక్కల గొర్లకాపరులను గమనించండి. వానలో నెత్తిమీంచి గొంగడి కప్పుకుని నిలబడతారు. దక్కనీ గొర్రె ఉన్ని అది, తడిసినా ఒంట్లో వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. నూలుకు ఆ గుణం లేదు. మీరు గొంగడి మోయక్కర్లేదు, తొందరగా ఆరే టీషర్టు, ప్యాంటు, ఒక పలుచటి ఉన్ని స్వెట్టరు, తలకు టోపీ ఉన్న రెయిన్‌కోటు చాలు. మారు బట్టలు పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టండి. గొడుగు వద్దే వద్దు. గాలికి మనిషిని పక్కకు లాగుతుంది, మెరుపుల్లో ఇనుప కాడ పట్టుకుని గుట్ట మీద నిలబడటం అంతకన్నా తెలివితక్కువ పని.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. మబ్బుగా ఉందని తగ్గించకండి, ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి ఇంకా ఎక్కువ కారుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. అవి లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. తిండికి పులిహోర సాటిలేనిది, చింతపండూ నూనే దాన్ని మధ్యాహ్నందాకా కాపాడతాయి. పెరుగన్నం ఆ వేడికి పులుస్తుంది. సర్వపిండి, పల్లీపట్టీ, అరటిపళ్లు పెట్టుకోండి.

మిగిలినవి: టార్చి, నిండా చార్జి ఉన్న పవర్‌బ్యాంకు, విజిల్, క్రేప్ బ్యాండేజీ, ఫోన్‌లో ముందే దింపుకున్న మ్యాపు. విజిల్‌ను నవ్వులాటగా తీసుకోకండి. గొంతు పది నిమిషాల్లో పోతుంది, విజిల్ పోదు. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరు. ఆల్ప్స్ పర్వతాల్లో పుట్టిన ఈ పద్ధతిని కొండలు తిరిగేవాళ్లు ప్రపంచమంతా గుర్తుపడతారు.

గడియారం

స్కాట్లండ్ కొండల్లో తిరిగిన విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క కట్టాడు. మూడు మైళ్ల నడకకు గంట, పైకెక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. ఆ లెక్కన భువనగిరి 500 అడుగులకు పావుగంట. నమ్మకండి. అది చల్లటి దేశంలో గట్టి నడకగాళ్ల లెక్క. మన ఉక్కలో, ముళ్లలో, సెల్ఫీలకు ఆగే బృందంతో దాన్ని రెండింతలో మూడింతలో చేసుకోవాలి.

రాచకొండకైతే అయిదింటికల్లా మలక్‌పేట వదలాలి. ఆ వేళకు మెట్రో ఇంకా నడవదు, బండి మీదే పోవాలి. ఏడింటికి కొండ కింద. తొమ్మిదిన్నర, పదికి పైన. పదకొండుకు ఎక్కడున్నా సరే వెనక్కి. శిఖరం ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నా వెనక్కి. ఈ సంగతి కింద ఉన్నప్పుడే అందరూ ఒప్పుకోవాలి, ఎందుకంటే పైన ఎవరూ ఒప్పుకోరు. పదకొండే ఎందుకంటారా? ఎండకు వేడెక్కిన నేల మీది తేమగాలి పైకి లేచి మబ్బు కట్టి ముదరడానికి పగలు సగం పడుతుంది. మన దగ్గర ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం రెండు తర్వాత, సాయంత్రంలోపు విరుచుకుపడేది అందుకే. అప్పటికి మీరు కిందికి దిగి, చౌటుప్పల్‌లో చాయ్ తాగుతూ ఉండాలి.

నేర్పు ఉన్నవాళ్లకు ఇవన్నీ వర్తించవని అనిపించొచ్చు. ఏడు ఖండాల్లో ఏడు ఎత్తయిన శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా వీరుడు మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో, వాతావరణం చెడిన రోజుల్లోనే ప్రాణాలు వదిలారు. అంతటి మనిషికి లేని మినహాయింపు మనకు లేదు.

రాతి మీద

మన చుట్టూ ఉన్న ఈ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటిది. పొడిగా ఉన్నప్పుడు ఇంతకంటే నమ్మకమైన రాయి ఉండదు, గరుకుగా బూటును పట్టుకుంటుంది. తడిస్తే వేరే రాయి. బండల మీద పైనుంచి కిందికి జారిన నల్లటి చారలు చూశారా? వాన నీళ్లు ఏళ్ల తరబడి పారి, పాచి పట్టి, ఎండి నల్లబడ్డ దారులవి. పొడిగా ఉన్నప్పుడు ప్రమాదం కనిపించదు. నాలుగు చినుకులు పడగానే ఆ పాచి ఊరి జిగురవుతుంది. నల్లచార మీద కాలు పెట్టొద్దు, బూడిదరంగులో గరుకుగా ఉన్నచోటు చూసి పెట్టండి. తప్పనిసరై దాటాల్సి వస్తే అడ్డంగా, ఒక్కొక్కరుగా, చేతులు ఖాళీగా పెట్టుకుని దాటండి.

గ్రానైటు ఉల్లిపొరల్లా ఊడుతుంది. అంచున తట్టి చూస్తే డొల్ల మోత వస్తే ఆ పొర మీద బరువు మోపకండి. పాత కోటల్లో గుప్తనిధుల పిచ్చోళ్లు తవ్వి వదిలేసిన గోతులు ఇంకో ప్రమాదం. వానకు నిండి, పైన గడ్డి మొలిచి, నేలలాగే కనిపిస్తాయి. కోనేళ్లలో, రాతి గుంటల్లో ఈతకు దిగకండి. అంచులు నున్నగా ఉంటాయి, దిగినంత తేలిక కాదు ఎక్కడం.

నడక వేగం ఎవరిది నెమ్మదో వాళ్లది. వాళ్లను ముందు పెట్టండి, బలవంతుణ్ని చివర పెట్టండి. మాట్లాడుతూ నడవలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. నలుగురికి తక్కువైతే బయల్దేరొద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కనుండాలి, ఇద్దరు కలిసి కిందికి పోయి మనుషుల్ని పిలుచుకురావాలి.

కింద ఊళ్లో, తండాల్లో కనిపించినవాళ్లను పలకరించి పోండి. ‘ఎంత దూరం?’ అని అడక్కండి, ‘ఇగో, ఈడనే’ అంటారు. వాళ్లకు నిజంగానే ‘ఈడనే’. అడగాల్సింది ఇది: “కాకా, వాన పడితే ఏ దారి బంద్ అయితది? దిగనీకి ఇంకో దారి ఉన్నదా?” ఈ జవాబు ఏ యాప్‌లోనూ దొరకదు. ‘ఇయ్యాల వద్దు బిడ్డా’ అంటే మాత్రం మారుమాట్లాడకుండా బండి తిప్పండి.

ఉరుము వినిపిస్తే

మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. పులికీ పాముకీ భయపడేవాళ్లు దీనికి సగం కూడా భయపడరు. తెలంగాణ కొండల మీద వాతావరణం వల్ల వచ్చే అసలు ముప్పు ఇదే కాబట్టి ఈ భాగం రెండుసార్లు చదవండి.

మొదట మబ్బు. గుట్టలు గుట్టలుగా పైకి లేస్తూ, పూలగోబీలా నురగలు కడుతూ, చూస్తుండగానే పెరిగే మబ్బును గమనిస్తూ ఉండండి. దాని తల బల్లపరుపుగా చదునైతే, అడుగు నల్లబడితే అది పిడుగుల మబ్బు. అప్పటిదాకా ఉక్కపోసి, ఉన్నట్టుండి చల్లటి ఈదురుగాలి తగిలిందంటే హాయిగా ఉందనుకోకండి, వాన ముందు నడిచే గాలి అది. మీకు పది, పదిహేను నిమిషాలే ఉన్నాయి.

ఇక లెక్క. మెరుపు కంటికి వెంటనే చేరుతుంది, ఉరుముకు కిలోమీటరుకు మూడు సెకన్లు పడుతుంది. లెక్కపెట్టడానికి గడియారం చూడక్కర్లేదు, మన పెద్దవాళ్లు ఇచ్చిన పద్ధతే ఉంది. మెరుపు చూడగానే అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ అని మొదలుపెట్టండి. సెకనుకొక పేరు చొప్పున పది పేర్లూ తాపీగా చెప్పండి. పదీ పూర్తయ్యేసరికి ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల అవతల పడింది. మూడుసార్లు చెప్పాక ఉరిమితే పది కిలోమీటర్లు. ఆ దూరమే హద్దు. మూడు ఆవృత్తులలోపు ఉరుము వినిపిస్తే మీరు దాని పరిధిలో ఉన్నట్టే, దిగడం మొదలుపెట్టాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా మళ్లీ ఎక్కే మాటే లేదు. భయం పోగొట్టుకోవడానికి నేర్పిన పేర్లు దూరం కొలవడానికీ పనికొస్తాయి. అమ్మమ్మ చెప్పినప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు నేర్చుకోవచ్చు.

దిగేటప్పుడు ముందు కొండకొమ్ము వదలండి. బోడి బండ మీద నిలబడ్డ మనిషే అక్కడ అన్నిటికంటే ఎత్తయిన వస్తువు. ఒంటరి చెట్టు కిందికి పోకండి. భువనగిరి పైన ఉన్న బారాదరి వంటి పాత మంటపం వాననుంచి కాపాడుతుందేమో గానీ పిడుగునుంచి కాదు. రాతి చరియ కింద, గుహ ముఖద్వారంలో నిలబడటం కూడా తప్పు, రాతి మీంచి పారే విద్యుత్తు ఆ సందులోంచి దూకుతుంది. ఇనుప కమ్మీలు పట్టుకుని ఉండిపోవద్దు. కానీ తడి మెట్ల మీద కమ్మీ వదిలితే జారతాం కదా? అవును, రెండూ నిజమే. అందుకే మొదటి ఉరుముకే దిగాలి, అయిదోదానికి కాదు.

దిగడానికి వీల్లేకుండా చిక్కుకుంటే పల్లపుచోటు చూసుకోండి. ఒకరికొకరు పదిహేను, ఇరవై మీటర్ల ఎడం పాటించండి, ఒకే పిడుగు అందరినీ తాకకుండా. సంచి మీద, పాదాలు రెండూ దగ్గరగా చేర్చి, మోకాళ్లు ముడిచి గొంతుక్కూర్చోండి. పడుకోకండి. ఇది రక్షణ కాదు, ప్రమాదాన్ని కొంత తగ్గించడమే. అసలైన రక్షణ అద్దాలెత్తిన కారు, బస్సు, గట్టి ఇల్లు. ఆటో లెక్కలోకి రాదు.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి జంకకండి, ఒంట్లో కరెంటేమీ మిగిలి ఉండదు. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి.

వాగు, దారి, పాము

పొద్దున చెప్పులు తడవకుండా దాటిన వాగు మధ్యాహ్నం ఎర్రటి నీళ్లతో వస్తుంది. మీ నెత్తిన చినుకు పడకపోయినా సరే. బోడి బండలు నీళ్లు పీల్చవు, పడినదంతా వాగులోకే. నీరు రంగు మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా దిగొద్దు. మోకాలు దాటిన ప్రవాహం మనిషిని నిలబడనివ్వదు. ఒడ్డున కూర్చోండి, వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లో తగ్గుతాయి. కారులో ఉన్నా ఇంతే, కల్వర్టు మీంచి నీళ్లు పారుతుంటే ఆగండి.

దారి తప్పామనిపిస్తే ముందుకు వెతకొద్దు. చివరిసారి ఎక్కడ ఖాయంగా తెలుసో అక్కడికి వెనక్కి రండి. ఎక్కేటప్పుడే అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి ఫొటో తీసుకుంటే దిగే దారి ఎలా కనిపిస్తుందో మీ దగ్గర ఉంటుంది. చీకటి వేళ కూడా గుర్తుంచుకోండి, డిసెంబరులో అయిదూ ముప్పావుకే పొద్దు గూకుతుంది, జూలైలో ఏడు దాకా వెలుతురుంటుంది. మబ్బుంటే ఇంకో అరగంట తీసేయండి.

పాము కరిస్తే కోయడం, నోటితో లాగడం, తాడుతో బిగించడం ఏదీ చేయకండి. కాలు కదలకుండా కట్టి, మనిషిని మోసుకుని కిందికి. నాటుమందు దగ్గర ఆగకుండా సర్కారు దవాఖానాకు పోతే విరుగుడు సూది ఉంటుంది. కోటగోడల్లో పెద్ద తేనెపట్లు ఉంటాయి, సెంటు కొట్టుకుని పోకండి, రాళ్లు విసరకండి, పొగ పెట్టకండి.

దిగాక

కిందికి రాగానే ఇంటికి ఫోన్. కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్లకు మీ ఫొటోలకంటే అదే ముఖ్యం. తడి బట్టలు అక్కడే మార్చండి. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆదివారం సాయంత్రం బండ్ల వరస ఎలా ఉంటుందో మీకు తెలుసు, అందులో తడిబట్టల్లో గంట కూర్చుంటే జ్వరం ఖాయం.

బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టండి. ఒక నోటుబుక్కులో ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి మబ్బు కట్టింది, ఎన్ని లీటర్లు తాగారు, ఏ మలుపులో తడబడ్డారు రాసుకోండి. రెండు మూడు నడకల తర్వాత నైస్మిత్ లెక్కతో పని లేకుండా మీ లెక్క మీకు తెలుస్తుంది.

నల్లమల వైపు చూసేది ఆ తర్వాతే. ఉమామహేశ్వరం లాంటి గుడి దారుల దాకా ఎవరైనా పోవచ్చు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలికి మాత్రం అటవీశాఖ అనుమతి ఉండాలి, సలేశ్వరం లోయకు జనాన్ని వదిలేది చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే. అక్కడ ఎక్కడికి పోయినా అడవి తెలిసిన చెంచు మనిషిని తోడు అడగండి, వాళ్ల కూలీ విషయంలో బేరమాడకండి.